రెండోసారి మౌన ధ్యాన శిబిరానికి: దరఖాస్తు నుంచి ఇంటికొచ్చిన తొలి వారం దాకా

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు కావలసినంత సమాచారం దొరుకుతుంది. ఒకసారి వెళ్ళొచ్చి మళ్ళీ వెళ్దామనుకునేవాళ్ళ ప్రశ్నలు వేరు. "పోయినసారి చివరి రోజుల్లో వచ్చిన ప్రశాంతత ఈసారీ వస్తుందా?" "ఇంట్లో సాధన ఎప్పుడో ఆగిపోయింది, అయినా వెళ్ళొచ్చా?" "సాయంత్రం ఏమీ తినకుండా ఉండగలనా?" ఈ మూడూ పదే పదే వింటున్నాను. వీటికి జవాబులు, ఏ పని ఎప్పుడు చేసుకోవాలో ఆ వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ఇది ప్రధానంగా ధ్యాన గురువు ఎస్.ఎన్. గోయెంకా సంప్రదాయంలో జరిగే పది రోజుల విపశ్యన (ఒంట్లోని అనుభూతులను గమనించే ధ్యానం) శిబిరాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. వేరే మౌన శిబిరానికి వెళ్తున్నవాళ్ళు సమయాలు, నియమాలు తమ కేంద్రం చెప్పినట్టు మార్చుకోండి. సిద్ధపడే పద్ధతి మాత్రం దాదాపు అదే.

## 1. ఇప్పుడే వెళ్ళాలా అన్నది తేల్చుకోండి

సాధన సాగుతోంది, ఇంకా లోతుకు వెళ్ళాలనుంది. లేదా సాధన సడలిపోయింది, మళ్ళీ గాడిలో పెట్టుకోవాలి. రెండూ మంచి కారణాలే. రోజూ కూర్చోవడం మానేశామని సిగ్గుపడి ఏళ్ళ తరబడి వాయిదా వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అలా ఆగిపోకండి. సాధన ఆగిపోయినవాళ్ళకే ఈ పది రోజుల అవసరం ఎక్కువ.

కొన్ని పరిస్థితుల్లో మాత్రం ఆగడమే మేలు:

- దగ్గరివాళ్ళను ఈమధ్యే పోగొట్టుకుని దుఃఖం ఇంకా పచ్చిగా ఉంటే.
- మానసిక ఆరోగ్యానికి వాడే మందులు లేదా వాటి మోతాదు ఈమధ్యే మారి ఉంటే.
- ఇంట్లోనో ఉద్యోగంలోనో ఒక నిర్ణయాన్ని తప్పించుకోవడానికి వెళ్తుంటే. మౌనంలో ఆ విషయమే పగలూ రాత్రీ తిరుగుతుంది.
- పోయినసారి తర్వాత వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, విపరీతమైన భయం, చుట్టూ ఉన్నదేదీ నిజం కాదనిపించడం లాంటివి జరిగి ఉంటే. ముందు డాక్టర్‌తో మాట్లాడండి. అప్పటికీ వెళ్దామనుకుంటే, ఏం జరిగిందో దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాయండి.

శిబిరం కోసమని మందులు సొంతంగా మానేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఈ విషయంలో మొహమాటం, బడాయి రెండూ ప్రమాదమే.

## 2. దరఖాస్తు

గోయెంకా గారి దగ్గర గానీ, ఆయన సహాయక ఆచార్యుల దగ్గర గానీ ఒక పది రోజుల శిబిరం పూర్తిచేసినవాళ్ళు పాత సాధకులు. వాళ్ళకు దరఖాస్తు ఫారం కొంచెం వేరుగా ఉంటుంది. మొదటి శిబిరం ఎప్పుడు, ఎక్కడ చేశారు, రోజూ సాధన చేస్తున్నారా, వేరే ధ్యాన పద్ధతులేమైనా ఆచరిస్తున్నారా అని అడుగుతుంది.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. "రోజూ రెండు గంటలు" అని రాస్తే మర్యాదగా ఉంటుందనుకుంటారు. వారానికి రెండుసార్లు కూర్చుంటుంటే అలాగే రాయండి. ఆచార్యులు మీకు సలహా ఇచ్చేది ఆ కాగితాన్ని చూసే. లెక్క తప్పుగా ఉంటే సలహా కూడా తప్పుతుంది.

సీట్లు త్వరగా నిండిపోతాయి. నమోదు మొదలవగానే దరఖాస్తు పెట్టండి. వెయిటింగ్ లిస్టులో ఉన్నా ఆశ వదులుకోవద్దు, తేదీ దగ్గరపడ్డాక మానుకునేవాళ్ళు ఉంటారు. వస్తున్నారా లేదా అని కేంద్రం మళ్ళీ అడిగినప్పుడు తప్పకుండా జవాబివ్వండి. వెళ్ళలేకపోతే వెంటనే రద్దు చేసుకోండి, ఆ చోటు కోసం ఇంకొకరు ఎదురుచూస్తుంటారు.

## 3. నాలుగు వారాల ముందు నుంచి

రెండో శిబిరం ఎలా సాగుతుందన్నది చాలావరకు ఈ నాలుగు వారాల మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ భాగం కొంచెం పొడవుగా రాస్తున్నాను.

కూర్చునే సమయం. మొదటి వారం పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై. రెండో వారం ముప్ఫై, మూడో వారం నలభై ఐదు. నాలుగో వారానికి కనీసం ఒక పూట గంటకు చేరండి. ఒక రోజు తప్పితే మర్నాడు రెట్టింపు చేయకండి, ఆ రోజు లెక్కే కూర్చోండి. ఈ దశలో మనసు నిలిచిందా లేదా అని చూసుకోనక్కర్లేదు. అదే చోట, అదే సమయానికి కూర్చోవడం శరీరానికి అలవాటైతే చాలు.

ఆసనం. ఇది ఇంట్లోనే తేల్చుకోవాలి. కుషన్ మధ్యలో కాకుండా దాని ముందు మూడోవంతు భాగం మీద కూర్చోండి. తుంటి మోకాళ్ళ కంటే ఎత్తులో ఉండాలి. మోకాళ్ళు పైకి లేచి ఉంటే కుషన్ ఎత్తు చాలడం లేదు. ఒక్క మోకాలే గాల్లో తేలుతుంటే దాని కింద తువ్వాలు మడిచి పెట్టండి. ఇరవై నిమిషాల తర్వాత గమనించండి. నడుము కింది భాగం వెనక్కి జారి వీపు గూనిలా వంగుతోందంటే, కింద ఇంకో మడత వేయాలి. గడ్డం ముందుకు పొడుచుకొస్తుంటే మెడ పట్టేస్తుంది, కొంచెం లోపలికి తీసుకోండి.

తిమ్మిరి, బరువు, మంట లేచి నడిస్తే రెండు నిమిషాల్లో పోతే కంగారు పడనక్కర్లేదు. మోకాలి కీలులో సూటిగా పొడిచే నొప్పి లేచాక కూడా ఉంటే ఆ ఆసనం మార్చాల్సిందే. కుర్చీలో కూర్చున్నా సాధన సాధనే. వెన్నుకో మోకాళ్ళకో ఇబ్బంది ఉంటే దరఖాస్తులోనే కుర్చీ అడగండి.

సాయంత్రం తిండి. పాత సాధకులు మధ్యాహ్నం 12 తర్వాత ఏమీ తినరు. సాయంత్రం 5 గంటలకు కొత్తవాళ్ళకు టీ, పండ్లు ఇస్తారు, పాతవాళ్ళకు నిమ్మరసం నీళ్ళు. ఇంట్లో రాత్రి భోజనాన్ని వారానికో గంట చొప్పున ముందుకు జరుపుకుంటూ రండి, పరిమాణం కూడా తగ్గించండి. చివరి వారంలో ఒకటి రెండు రోజులు సాయంత్రం తినకుండా ఉండి చూడండి. మధుమేహానికి మందులో ఇన్సులినో వాడేవాళ్ళు, గర్భిణులు, కడుపులో పుండు ఉన్నవాళ్ళు ఈ ప్రయోగం చేయొద్దు. ముందు డాక్టర్‌ను అడగండి, కేంద్రానికి చెప్పండి. ఆరోగ్య కారణం ఉంటే ఆచార్యులు మినహాయింపు ఇస్తారు.

కాఫీ, టీ. ఎక్కువగా తాగే అలవాటుంటే ఇప్పటినుంచే తగ్గించండి. కెఫీన్ ఒక్కసారిగా ఆపితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, కొందరిని వారం దాకా వదలదు. మొదటి మూడు రోజుల తలనొప్పిని "లోపలున్నదేదో బయటికొస్తోంది" అనుకుని భరించేవాళ్ళలో చాలామందికి కారణం ఇదే. నాలుగైదు రోజులకో కప్పు తగ్గించుకుంటూ వస్తే ఈ బాధ ఉండదు.

నిద్ర. శిబిరంలో గంట ఉదయం 4కి మోగుతుంది, రాత్రి 9:30కి దీపాలు ఆర్పేస్తారు. పడుకునే సమయాన్నీ లేచే సమయాన్నీ నాలుగైదు రోజులకు పావుగంట చొప్పున ముందుకు జరుపుకోండి. చివరి వారంలో 5 గంటలకు లేవగలిగితే చాలు, మిగతాది అక్కడ సర్దుకుంటుంది.

## 4. ఇల్లు, ఆఫీసు, ఫోన్

ఫోన్ మొదటి రోజే అప్పగిస్తారు. అందుకని:

- కేంద్రం ఫోన్ నంబరు ఇంట్లో ఇద్దరికైనా ఇవ్వండి. అత్యవసరమైతే కబురు మీకు చేరుతుంది.
- ఏది అత్యవసరం, ఏది కాదో వాళ్ళతో ముందే మాట్లాడుకోండి.
- పదకొండు రోజుల్లో గడువు తీరే బిల్లులు ముందే కట్టేయండి.
- ఆఫీసు పని ఎవరికి అప్పగించారో రాతపూర్వకంగా చెప్పండి. "అవసరమైతే చూస్తాను" అని ఎవరికీ మాటివ్వకండి.
- తిరిగొచ్చిన మర్నాడు ఖాళీగా ఉంచుకోండి. కుదిరితే రెండు రోజులు.

## 5. బ్యాగులో ఏముండాలి

మొదటిసారి తీసుకెళ్ళి వాడకుండా తెచ్చినవేవో మీకు గుర్తుంటాయి, వాటిని వదిలేయండి. వదులుగా, ఒంటిని కప్పేలా, చప్పుడు చేయని బట్టలు. కూర్చున్నప్పుడు కప్పుకోవడానికి శాలువా. తీసి వేసుకోవడానికి తేలికైన చెప్పులు. వాసన లేని సబ్బు, నూనె. టార్చి. బీప్ మోగని చిన్న గడియారం. మందులు పదకొండు రోజులకు కాక పద్నాలుగు రోజులకు సరిపడా, చీటీతో సహా. ఇంట్లో కుదిరిన కుషన్ ఉంటే అదే తెచ్చుకోండి.

పుస్తకాలు, పెన్ను, డైరీ, జపమాల, తాయెత్తులు, సంగీతం వినే పరికరాలు వద్దు. పోయినసారి రాసుకున్న నోట్సు అస్సలు వద్దు.

## 6. ఈసారి మారే నియమాలు

కొత్తవాళ్ళకు పంచశీలాలు: ప్రాణులను చంపకపోవడం, దొంగతనం చేయకపోవడం, బ్రహ్మచర్యం, అబద్ధమాడకపోవడం, మత్తు పదార్థాలు తీసుకోకపోవడం. పాత సాధకులకు అదనంగా మరో మూడు: మధ్యాహ్నం తర్వాత తినకపోవడం, వినోదాలకూ అలంకరణకూ దూరంగా ఉండడం, ఎత్తైన విలాసవంతమైన పడకలు వాడకపోవడం.

సాధారణంగా పాతవాళ్ళను హాల్లో ముందు వరుసల్లో కూర్చోబెడతారు. వెనకున్న కొత్తవాళ్ళు మిమ్మల్ని చూస్తుంటారన్న ఆలోచన వస్తుంది. దాని కోసం బిగుసుకుపోయి కూర్చోవడం వద్దు. సమయానికి రండి, చప్పుడు చేయకండి. వాళ్ళకు మీరు చేయగలిగిన సాయం అంతే. శూన్యాగారాలు (ఒక్కరే కూర్చుని ధ్యానం చేసుకునే చిన్న గదులు) ఉన్న కేంద్రంలో మీకొకటి ఇవ్వొచ్చు. ఆ చీకటి గదిలో కునుకు సులభంగా వస్తుంది, రెండు మూడు నిమిషాలు బయట నడిచి లోపలికి వెళ్ళండి.

## 7. మొదటి మూడు రోజులు: తొందరపడకండి

ఆనాపాన, అంటే ముక్కు దగ్గర సహజ శ్వాసను గమనించడం, మీకు తెలుసు. నాలుగో రోజు ఏం నేర్పుతారో కూడా తెలుసు: తల నుంచి పాదాల దాకా ధ్యాసను తిప్పుతూ ఒంట్లోని అనుభూతులను గమనించే విపశ్యన. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. రెండో రోజు మధ్యాహ్నానికే మనసు ముక్కు దగ్గర నిలవనంటుంది, శరీరమంతా తిరగడం మొదలుపెడుతుంది. "నాకు వచ్చు కదా" అని దాన్ని వదిలేస్తారు. ఆ వదిలేసిన గంటలకు మూల్యం నాలుగో రోజు తర్వాత కట్టాలి. మనసు మొద్దుగానే ఉంటుంది కాబట్టి శరీరంలో గట్టి నొప్పులు తప్ప సూక్ష్మమైనవేవీ తెలియవు.

చేయాల్సింది ఇది: సూచన ఏ రోజు ఏ చోటు చెప్తే ఆ చోటే. మూడో రోజు పై పెదవి పైన, ముక్కుపుటాల కింద ఉన్న చిన్న భాగానికి కుదిస్తారు. ఆ చోట ఏమీ తెలియకపోతే కొన్ని శ్వాసలు కావాలని కొంచెం గట్టిగా తీసుకుని, మళ్ళీ సహజ శ్వాసకు రండి. మనసు ఒంట్లోకి జారిందని తెలియగానే వెనక్కి తేండి, తిట్టుకోవద్దు.

ఉదయం 4:30 నుంచి 6:30 దాకా గదిలోనైనా కూర్చోవచ్చు, హాల్లోనైనా కూర్చోవచ్చు. హాలుకే వెళ్ళండి. గదిలో మంచం పక్కనే ఉంటుంది, ఆ వేళకు దాన్ని గెలవడం ఎవరికైనా కష్టం. గంట మోగగానే "ఇంకో ఐదు నిమిషాలు" అనే ఆలోచన పూర్తికాకముందే పాదాలు నేల మీద పెట్టేయండి. ముఖం కడుక్కుని, శాలువా కప్పుకుని బయటికి నడవండి. లేవాలా వద్దా అని ఆలోచించడం మొదలుపెడితే ఎక్కువసార్లు మంచమే గెలుస్తుంది.

భోజనం ముప్పావు కడుపు చాలు. సాయంత్రం ఏమీ ఉండదన్న భయంతో 11 గంటలకు నిండా తినేవాళ్ళకు మధ్యాహ్నం 1 నుంచి 2:30 దాకా కునుకే మిగులుతుంది.

## 8. నాలుగో రోజు నుంచి: పోయినసారితో పోలిక

మళ్ళీ వెళ్ళేవాళ్ళను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది జ్ఞాపకం. పోయినసారి ఒళ్ళంతా సన్నని ప్రవాహంలా తెలిసిన గంట ఒకటి ఉంటుంది. ఈసారి కూర్చున్న ప్రతిసారీ మనసు దాని కోసమే వెతుకుతుంది.

అది ఎలా జరుగుతుందో దగ్గరగా చూడండి. ఉదయం 8 గంటల సామూహిక సాధన. ఇరవై నిమిషాలు గడిచాయి. నుదుటి మీద సన్నగా జిలజిల. "వచ్చేసింది" అనుకున్నారు. ధ్యాస ముఖం దాటి ఛాతీ దగ్గరికి వచ్చింది. అక్కడ అట్టముక్క పెట్టినట్టు మొద్దుగా ఉంది. ధ్యాస ఆ భాగాన్ని గబగబా దాటేసింది, పొట్ట, తొడలు కూడా అలాగే దాటేసి మళ్ళీ నుదుటి దగ్గరికి పరుగెత్తింది. ఇప్పుడు అక్కడా ఏమీ లేదు. విసుగు, వెంటనే మోకాలి నొప్పి.

ఈ వరుసలో తప్పు నుదుటి దగ్గరే జరిగింది, "వచ్చేసింది" అన్న క్షణంలో. దాన్ని సరిదిద్దుకోవడానికి:

1. హాయిగా ఉన్న చోట కూడా మామూలు వేగంతోనే సాగండి, ఆగిపోవద్దు.
2. మొద్దుగా ఉన్న చోట ఒక నిమిషం నిలవండి. ఏమీ తెలియకపోతే ముందుకు కదలండి. తిరుగు వరుసలో మళ్ళీ అక్కడికి వస్తారు.
3. వరుస తప్పించకండి. తల నుంచి పాదాల దాకా, ఏ భాగాన్నీ వదలకుండా.
4. "పోయినసారి..." అని మొదలయ్యే ఆలోచన ఏదైనా సరే, వచ్చిందని గుర్తించి పని కొనసాగించండి.

విపశ్యన మొదలయ్యాక రోజుకు మూడుసార్లు, 8 నుంచి 9, మధ్యాహ్నం 2:30 నుంచి 3:30, సాయంత్రం 6 నుంచి 7, గంటసేపు చేతులూ కాళ్ళూ కదపకుండా, కళ్ళు తెరవకుండా కూర్చునే అధిష్ఠానం ఉంటుంది. పాతవాళ్ళు దీన్ని పరీక్షలా తీసుకుంటారు. పళ్ళు బిగబట్టి గంట గడిపేశారంటే కాళ్ళు కదల్లేదు గానీ, మనసు గంటసేపూ నొప్పితో పోట్లాడింది. మధ్యలో దవడ, భుజాలు, అరచేతులు బిగిశాయేమో చూసుకోండి, వదులు చేయండి. నొప్పి మరీ ఎక్కువైతే నెమ్మదిగా ఒకసారి కదిలి మళ్ళీ స్థిరపడండి. ఒకసారి కదిలినంత మాత్రాన ఆ గంట వృథా కాదు.

ఆరో రోజు ప్రాంతంలో చాలామందికి నీరసం, చిరాకు, ఇంటికి పోదామన్న కోరిక వస్తాయి. పోయినసారి వచ్చిన రోజునే రావాలని లేదు. అసలు రాకపోవచ్చు కూడా. వస్తే విశ్రాంతి సమయంలో నడవండి, నీళ్ళు తాగండి, ఆ పూట షెడ్యూలు మాత్రం వదలకండి.

## 9. ఆచార్యులతో మాట్లాడడం

మధ్యాహ్నం 12 నుంచి 1 మధ్య విడిగా, రాత్రి 9 తర్వాత హాల్లో అడగొచ్చు. పాతవాళ్ళు "ఇంత చిన్న సంగతికి వెళ్ళడమేంటి" అని ఆగిపోతారు. అలా ఆగి రెండు రోజులు తప్పుగా చేసేకంటే రెండు నిమిషాలు మాట్లాడడం నయం.

ప్రశ్న ఇలా ఉంటే జవాబు సూటిగా వస్తుంది: "అయ్యా, నిన్నటినుంచి ఛాతీ భాగంలో ఏమీ తెలియడం లేదు. ఒక నిమిషం ఆగి ముందుకు వెళ్తున్నాను. ఇలాగే కొనసాగించాలా?" ఏం జరుగుతోంది, మీరేం చేస్తున్నారు, ఏం తెలియాలి. ఈ మూడే. వేదాంత చర్చకు, వేరే పద్ధతులతో పోలికకు ఆ సమయం వాడకండి.

వెంటనే వెళ్ళి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. రెండు రాత్రులు బొత్తిగా నిద్ర లేకపోవడం, ఆగని భయం, లేని మాటలు వినిపించడం, మీ శరీరం మీది కాదనిపించడం, బతకాలనిపించకపోవడం. వీటిని సాధనలో పురోగతి అనుకుని దాచిపెట్టొద్దు. అవసరమైతే సాధన తగ్గించుకోండి, శిబిరం మధ్యలో ఆపేసి వైద్యం చేయించుకోండి. అందులో ఓటమి ఏమీ లేదు.

## 10. పదో రోజు

మంగళ మైత్రి (అందరి మేలు కోరే ధ్యానం) నేర్పాక ఆర్య మౌనం, అంటే ఇన్నాళ్ళూ పాటించిన మౌనం, ముగుస్తుంది. మాటలు ఒక్కసారిగా వరదలా వస్తాయి. మొదటి గంటలో "నీకేం అనుభవమైంది?" అన్న ప్రశ్నకు దూరంగా ఉండండి. పక్కవాళ్ళు చెప్పింది విని మీ పది రోజులనూ కొలిచేస్తారు. కొత్తవాళ్ళు ఎవరైనా కలతగా కనిపిస్తే మీరు గురువు పాత్ర తీసుకోవద్దు, ఆచార్యుల దగ్గరికి వెళ్ళమనండి.

గోయెంకా సంప్రదాయంలో శిబిరానికి ఫీజు ఉండదు. కనీసం ఒక శిబిరం పూర్తిచేసినవాళ్ళ దగ్గరే దానం తీసుకుంటారు. మీ శక్తికి తగినంత ఇవ్వండి. ఇవ్వలేకపోతే మొహమాటపడకండి, సేవ కూడా దానమే. పదకొండో రోజు ఉదయం బయల్దేరే ముందు గది శుభ్రం చేసి వెళ్ళండి.

## 11. ఇంటికొచ్చాక తొలి వారం

- ఎక్కువ దూరం సొంతంగా బండి నడపాల్సి వస్తే మధ్యలో ఆగుతూ వెళ్ళండి.
- ఫోన్ ఆన్ చేయగానే అన్నీ చదవకండి. ముందు ఇంటికి ఫోన్, మిగతావి మర్నాడు.
- మొదటి రాత్రి నుంచే మామూలు వేళకు భోజనం చేయొచ్చు, కొంచెంగా తినండి.
- ఉద్యోగం వదిలేయడం, పెళ్ళి, విడాకులు, ఆస్తి అమ్మకం లాంటి నిర్ణయాలు ఒక నెల దాకా వద్దు.
- ఇంట్లోవాళ్ళకు ఉపన్యాసం వద్దు. మీరు లేనప్పుడు ఇల్లు ఎలా గడిచిందో వాళ్ళను చెప్పనివ్వండి.

పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమని శిబిరంలో చెప్తారు. కుదిరినవాళ్ళు అలాగే చేయండి. కుదరకపోతే పొద్దున ముప్ఫై నిమిషాలు, రాత్రి పడుకునే ముందు పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. మొదటిసారి తర్వాత ఎక్కువమందికి సాధన తెగిపోయేది రెండో మూడో వారంలో, ఒక ప్రయాణమో జ్వరమో వచ్చినప్పుడు. అలాంటి రోజుకు ఇప్పుడే ఒక ఏర్పాటు పెట్టుకోండి: పడుకున్నా, బస్సులో ఉన్నా ఐదు నిమిషాలు శ్వాస చూడడం. దగ్గర్లో వారానికోసారి సామూహిక సాధన జరుగుతుంటే వెళ్ళండి.

మూడు నాలుగు రోజులు చిరాకు, ఏడుపు, చప్పుళ్ళు భరించలేకపోవడం కొందరికి ఉంటాయి, అవే తగ్గిపోతాయి. వారం దాటినా నిద్ర పట్టకపోతే, భయం తగ్గకపోతే డాక్టర్‌ను కలవండి.

## 12. ఆ తర్వాత ఏది?

వెంటనే మూడోదానికి దరఖాస్తు పెట్టాల్సిన పని లేదు. పాత సాధకులకు ఒక రోజు, మూడు రోజుల శిబిరాలు ఉంటాయి. నా అభిప్రాయంలో రెండో శిబిరం తర్వాత అన్నిటికంటే ఉపయోగపడేది ఒకసారి ధర్మ సేవకు, అంటే శిబిరంలో సాధకులకు సేవ చేయడానికి, వెళ్ళడం. వంటింట్లో, హాల్లో పని చేస్తూ రోజూ మూడు సామూహిక సాధనలకు కూర్చుంటారు. పనిలో ఎవరో ఒక మాట అన్నప్పుడు మనసు ఎలా లేస్తుందో అక్కడ కనిపించినంత స్పష్టంగా కుషన్ మీద కనిపించదు.

పాత సాధకుల కోసం జరిగే ఎనిమిది రోజుల సతిపట్ఠాన శిబిరానికి కనీసం మూడు పది రోజుల శిబిరాలు సాధకులుగా పూర్తిచేసి ఉండాలి, ఏడాదిగా క్రమం తప్పని సాధన ఉండాలి. సేవ చేసిన శిబిరాలు ఆ మూడింటి లెక్కలోకి రావు. ఆ ఆలోచన ఉన్నవాళ్ళు తమ శిబిరాల తేదీలు, కేంద్రాల పేర్లు, ఆచార్యుల పేర్లు ఒకచోట రాసి పెట్టుకోండి. దరఖాస్తులో అవి అడుగుతారు.